ఇరవై ఒకటో రాయి

వేలాపురి యువరాజు ఉదయవర్ధనుడు కోట బురుజు మీంచి దూకి, రేవు విడిచిపోతున్న నాటుపడవలో పడ్డాడు. పోయిన ప్రకరణాన్ని అక్కడ ఆపాను. ఆ తరువాత ఏ తిమింగిలంతో తలపడ్డాడో, ఏ సముద్రరాక్షసుడి జుట్టు పట్టాడో అని మీరు కాచుకుని కూర్చుని ఉంటారు. ఏం చెయ్యను, ఉన్నది చెప్పాలి కదా! ఇరవై ఆరు రోజులుగా ఆ మహావీరుడు పడవలో చేరిన నీళ్ళు తోడుతున్నాడు. వజ్రాల పిడి కత్తి బియ్యం బస్తా కింద తుప్పు పడుతోంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఉదయవర్ధనుడికి ఒక్కతే అక్క, తరళాదేవి. తల్లి పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది, జుట్టు దువ్వింది, కత్తి పట్టడం నేర్పింది ఆవిడే. తెల్లవారితే తమ్ముడి పట్టాభిషేకం అనగా, చేతుల గోరింటాకు ఆరీ ఆరకముందే, అంతఃపురంలోంచి మాయమైపోయింది. తలగడ మీద ఒక బూడిదరంగు ఈక, దాని పక్కన ధూమ్రద్వీపం బొమ్మ గీసిన తాళపత్రం మిగిలాయి. ధూమ్రద్వీపం మాంత్రికుడు శుష్కనాథుడి నివాసం. వాడు నడిచిన ఊళ్ళో బావులు ఎండిపోతాయని చెబుతారు. వచ్చే కార్తీక పున్నమి లోగా తరళాదేవిని విడిపించకపోతే ఆమె ఇక దక్కదని రాజగురువు తేల్చేశాడు. అందుకని యువరాజు ఉదయుడనే పగడాల వర్తకుడి వేషం వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు.

పడవ పేరు చిన్నంచ. పొడవు పది అంగలు, వెడల్పు రెండు. ఎక్కడా ఒక్క మేకు లేదు. పలకలన్నీ కొబ్బరిపీచు తాడుతో కుట్టినవే. ఒకే తెరచాప, దానికి పదమూడు అతుకులు. ముక్కుకి అటూ ఇటూ సున్నంతో తెల్లగా, కాటుకతో నల్లగా రెండు పెద్ద కళ్ళు. పడవ తన దారి తాను చూసుకోవాలని దాలమ్మ ఏటేటా వాటిని దిద్దుతుంది. దాలమ్మ పడవ నడిపే సరంగు నూకన్న భార్య. పడవ ఇద్దరిదీ, పిల్లలు లేరు, ఇల్లూ ఆ పడవే.

రోజు ఎలా గడుస్తుందో వినండి, మీకూ కాస్త నడుం నొప్పి పుట్టాలి. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది జాములు. మనిషికి ఒక జాము చుక్కాని, ఒక జాము తోడుడు, ఒక జాము నిద్ర, మళ్ళీ చుక్కాని. ముగ్గురే మనుషులు కావడంతో నిన్న నిద్రపోయిన వేళకి ఇవాళ తోడాల్సి వస్తుంది. పడుకోవడానికి ఉన్నది ఒక్క తాటాకు చాప. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరు దాని మీద ఒరగాలి. తినడానికి పొద్దున్న గంజి, సాయంత్రం గంజి. ఎండుచేప ముక్క దొరికిన రోజు పండగ. ఒళ్ళంతా ఉప్పు పేరుకుని, మోచేతులు పగిలి, తలగుడ్డ అట్ట కట్టింది. ఇరవై ఆరు రోజుల్లో ఉదయుడు ఒక్కసారి కూడా కాళ్ళు బారచాపి పడుకోలేదు.

తోడడానికి ఒక కట్టుబాటు ఉంది. నడిమి పలక ఎత్తి, గుంటలో చేరిన నీళ్ళని తోలుచేదతో ఎత్తి బయట పొయ్యాలి. ఎన్ని చేదలో లెక్కపెట్టుకుని జాము చివర గట్టిగా అరిచి చెప్పాలి. తరువాతి వంతు వాళ్ళు "విన్నాను" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా చేద చేతిలోంచి వదలకూడదు. చుక్కాని మీద ఎంత జోగుతున్నా ఆ మాట అనాల్సిందే.

"లెక్క ఇనకపోతే పడవ ఎప్పుడు సస్తాదో మనకి తెల్దు నాయనా," అని నూకన్న మొదటిరోజే చెప్పాడు.

మొదటిరోజు జాముకి నూట ఇరవై చేదలు. యువరాజు అరచేతులు బొబ్బలెక్కి, చితికి, ఉప్పునీళ్ళు తగిలి భగ్గుమన్నాయి. దాలమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాసింది. అరచేతులు తిప్పి తిప్పి చూసింది గానీ ఏమీ అనలేదు. అతను మాత్రం ప్రతి జాము చివరా లెక్క అరిచి, ఎవరికీ వినపడకుండా గుంటలోకి చూస్తూ, "వస్తున్నానక్కా," అనుకునేవాడు.

మంచినీళ్ళ పెత్తనమంతా దాలమ్మదే. మనిషికి పూటకి ఒక కొబ్బరిచిప్ప. చుక్క ఎక్కువ అడిగితే ఆవిడ చూసే చూపుకే దాహం తీరిపోతుంది. అలాంటి మనిషి, పొద్దున్నే మొదటి చిప్ప పట్టుకుని తీరిగ్గా తెరచాపకొయ్య దగ్గరికి వెళ్ళి, దాని మొదట్లో పలకల సందులోంచి చిప్పెడు మంచినీళ్ళూ కిందికి వంపేస్తుంది! ఎండిన గొంతుతో చూస్తున్న ఉదయుడికి ఒళ్ళు మండిపోయేది.

"అత్తా, చుట్టూ ఇంత సముద్రం ఉంటే పడవకి వేరే నీళ్ళు పొయ్యాలా?"

"పొద్దత్తమానం ఉప్పునీల్లోనే నానుతాది. దానికీ ఒక గొంతు ఉంటాది గదా. మా యమ్మ పోసేది, ఆల యమ్మ పోసేది. నీకు కట్టంగా ఉంటే కల్లు మూసుకో."

మొగుడూ పెళ్ళాం ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ప్రయాణం మూడోరోజున నూకన్న దాలమ్మ చుట్టల కట్టని తడిపేశాడు. కావాలని కాదు, నిద్రమత్తులో దాని మీద చేద బోర్లించాడు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగితే తప్ప పొద్దు గడవని మనిషి ఆవిడ. ఇరవై మూడు రోజులుగా ఆ పడవలో ప్రతి మాటా ఉదయుడి మీదుగానే నడుస్తోంది.

"మీ అత్తకి సెప్పు నాయనా, తెరచాప తాడు బిగించమని."

"మీ మావకి సెప్పు, నాను బిగించి గంటైనాదని."

ఇద్దరూ రెండు మూరల దూరంలో కూర్చుని ఉండేవాళ్ళు.

ఇంత కష్టంలోనూ మూడు సుఖాలు కలిసొచ్చాయి. గాలి ఒక్కనాడూ ఎదురు తిరగలేదు. వెనక నుంచి ఎవరో చేత్తో తోస్తున్నట్టు తూర్పుకి నడిపిస్తూనే ఉంది. రెండోది, తోడుడు తగ్గింది. పదో రోజుకి వంద చేదలు, పద్దెనిమిదో రోజుకి డెబ్భై, ఇరవై నాలుగుకి ముప్ఫై. నూకన్న మీసం మెలేశాడు.

"నాను కుట్టిన పడవ! పీచు నాని ఉబ్బినాది, సందులన్నీ వాటంతట అవే మూసుకుపోనాయి. ఈ కుట్టు మా తాత నాకు తప్ప ఇంకెవుడికీ సెప్పలేదు. మీ అత్తకి సెప్పు."

"ఇన్నానని సెప్పు," అంది దాలమ్మ.

మూడో సుఖం ఆవిడది. బయల్దేరినప్పుడు గంజి కుండ కడగాలంటే తాడు కట్టి దింపాల్సి వచ్చేది. ఇప్పుడు కూర్చున్న చోటనే చెయ్యి చాస్తే నీళ్ళు అందుతున్నాయి. నడుం నొప్పి తగ్గిందని సంబరపడింది. గంగమ్మే దయతలచి దగ్గరికొచ్చిందని ఉదయుడితో చెప్పింది కూడా.

ఇరవై ఆరో రోజు ఉదయం తూర్పున సముద్రం కుంకుమ ఆరబోసినట్టు ఎర్రబడింది. అలల మీద బంగారు రేకులు పరుచుకున్నాయి. ఎగిరే చేపలు వెండి గవ్వల్లా లేచి పడ్డాయి. దివినుంచి చూసే దేవతలకి ఆ శోభ ఎలా ఉందో గానీ, పడవలో ఉన్న ముగ్గురిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఒకరు తోడుతున్నారు, ఒకరు చుక్కాని మీద జోగుతున్నారు, ఒకరు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

మిట్టమధ్యాహ్నం ఉదయుడి తోడుడు పూర్తయింది.

"తొమ్మిది!" అని అరిచాడు.

"ఇన్నాను," అంది చుక్కాని దగ్గర దాలమ్మ. నూకన్న చాప మీంచి లేచాడు. "తొమ్మిది! ఇంక తోలుచేదని అటకెక్కించెయ్యొచ్చు."

ఉదయుడు తలగుడ్డ తడుపుకుందామని ముక్కు దగ్గరికి వెళ్ళి అంచు మీద వాలాడు. మొదట్లో గుడ్డకి తాడు కట్టేవాడు. ఇవాళ చెయ్యి చాపగానే మణికట్టుదాకా మునిగింది. హాయిగా ఉందనుకుని కళ్ళు మూశాడు. మళ్ళీ తెరిచేసరికి నీళ్ళలోంచి ఒక కన్ను అతన్నే చూస్తోంది. తెల్లటి గుడ్డు, నల్లటి పాప, సగం అల కింద.

ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. తరువాత అది దాలమ్మ దిద్దిన కన్నేనని పోల్చుకున్నాడు.

"అత్తా! ఈ కళ్ళు నీళ్ళకి ఎంత ఎత్తున వేశావు?"

"మూరెడు ఎత్తున," అంది ఆవిడ చుక్కాని దగ్గర్నుంచి. "ఎందుకూ?"

అతను గుంట వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. నీళ్ళు లోపలికి రావడం తగ్గింది. పడవ మాత్రం కిందికి దిగింది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడటానికి ముగ్గురికీ ఇరవై ఆరు రోజులు పట్టింది. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. ఒళ్ళు హూనమైపోయినప్పుడు పని తగ్గితే ఎందుకు తగ్గిందని ఎవరు అడుగుతారు చెప్పండి! నేనైతే అడగను.

"మామా, నీళ్ళు రావడం మానలేదు. వచ్చిన నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి. పడవ మునుగుతోంది."

నూకన్న ముందు నవ్వాడు. తరువాత అంచు మీంచి తొంగిచూశాడు. పడవ కన్ను చూశాక అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. పరుగున వచ్చి బస్తాలు పక్కకి లాగి, పలకలు ఎత్తెయ్యడం మొదలెట్టాడు. దాలమ్మ చుక్కానికి తాడు కట్టేసి వచ్చి అందుకుంది.

అడుగున, పడవ ఒరగకుండా వేసిన బరువురాళ్ళు ఉన్నాయి. నూకన్న ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టాడు. ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఇరవై ఒకటి," అన్నాడు. "నాను ఏసింది ఇరవై."

తెరచాపకొయ్య మొదట్లో, చీకట్లో, ఒక నల్లటి బండ కూర్చుని ఉంది. మనిషి మోకాళ్ళు ముడుచుకుని తల దించుకుంటే ఎంత ఉంటుందో అంత ఉంది. దాని చుట్టూ పలకలు పొడిగా ఉన్నాయి. ఎక్కడో కుట్టులోంచి ఒక నీటి చార జారి వచ్చి ఆ బండని తాకింది. తాకగానే ఇంకిపోయింది. చెవి దగ్గర పెడితే గుటక వేస్తున్న చప్పుడు.

"తాగతన్నాది!" అంది దాలమ్మ వెనక్కి గెంతి.

నూకన్న నుదురు కొట్టుకున్నాడు. "రేవులో ఒక జోగి ఇచ్చినాడు నాయనా! బూడిద పూసుకుని, ఎండిపోయిన మోడు లాగున్నాడు. సక్కటి గుండు, కొయ్య మొదట్లో ఎట్టుకో, పడవ ఒరగదు అన్నాడు. ఊరికే ఒచ్చింది గదా అని... అప్పుడు ఒక్క సేత్తో ఎత్తినాను! కొబ్బరికాయంత ఉండేది!"

ముగ్గురూ కలిసి తోశారు, గడకర్ర పెట్టి ఎత్తారు. బండ వెంట్రుకవాసి కదల్లేదు. గడకర్ర విరిగింది. ఈలోగా ఒక అల వచ్చి అంచు మీంచి లోపలికి తొణికింది. అన్నాళ్ళలో అలా జరగడం అదే మొదలు.

"ముక్కలు సెయ్యాల," అని నూకన్న సమ్మెటలాంటి కూటం అందుకున్నాడు. "ముక్కలు సేసి ఇసిరెయ్యాల. లేకపోతే సీకటి పడేలోగా మనమే అడుక్కి పోతాం." రెండు చేతులా పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడే, ఎత్తేసిన పలకల్లోంచి ఎండ పడి, బండ నెత్తిన ఒక చోట ఎర్రగా తళుక్కుమంది. దాలమ్మ రోజూ మంచినీళ్ళు వంపే చోటు అది. చిప్పెడు నీళ్ళు ఇరవై ఆరు రోజులు పడి పడి, అక్కడ గచ్చకాయంత మేర రాయి కరిగింది. కరిగిన చోట ఒక వేలి కొస ఉంది. మెత్తటి, ఊపిరి ఉన్న మనిషి వేలు. గోరు మీద గోరింటాకు పండి ఎర్రగా ఉంది.

"మామా, ఆగు!"

ఉదయుడు రాయి మీద బోర్లా పడ్డాడు. కూటం అప్పటికే దిగుతోంది. నూకన్న ఒళ్ళంతా మెలితిప్పి పక్కకి లాగాడు. కూటం యువరాజు చెవి పక్కనుంచి పోయి అడుగు పలకని కొట్టింది. పలక ఫెళ్ళున పగిలింది. అరచేయంత కన్నంలోంచి సముద్రం నిలువెత్తున చిమ్మింది.

బండ గటగటా తాగడం మొదలెట్టింది. తాగుతున్న కొద్దీ బరువెక్కింది. బరువెక్కుతున్న కొద్దీ పడవ దిగింది, దిగిన కొద్దీ కన్నంలోంచి నీళ్ళు మరీ జోరుగా వచ్చాయి. దాలమ్మ గోనె కుక్కితే ఎగిరిపోయింది. ఉదయుడు తలగుడ్డ కుక్కితే అదీ ఎగిరిపోయింది. నూకన్న అటూ ఇటూ చూసి, ఇంకేమీ తోచక, గోచీ సర్దుకుని ఆ కన్నం మీద కూర్చున్నాడు.

నీళ్ళు ఆగిపోయాయి.

"కూకో! కదిలావంటే సంపేస్తాను!" అంది దాలమ్మ. ఇరవై మూడు రోజుల తరువాత మొగుడితో ఆవిడ నేరుగా అన్న మొదటి మాట అది.

"కూకున్నాను గదే," అన్నాడు నూకన్న. ఆ కష్టంలోనూ అతని మొహం వికసించింది.

ఆవిడ ఉదయుడి వైపు తిరిగింది. అతను బండని రెండు చేతులా వాటేసుకుని, ఆ వేలి కొసని చెంపకి ఆనించుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఎవుర్నాయనా ఆయమ్మ? నీకేటవుద్ది?"

"మా అక్క," అన్నాడు. "అత్తా, నేను పగడాల వర్తకుణ్ణి కాను. వేలాపురి..."

"యువరాజువి. తెలుసులే. మొదటిరోజు నీ అరసేతులకి నూనె రాసినాను గదా. కత్తి పట్టిన కాయలు తప్ప ఇంకో కాయ లేదు. వర్తకుడి సేతులు అలాగుంటాయేటి?" అని ఆవిడ మంచినీళ్ళ కడవ వైపు చూసింది. ఉన్నది ఆ ఒక్క కడవే, అందులోనూ సగమే. ముగ్గురికీ నాలుగు రోజులు. "నా సిప్పెడు నీల్లకే వేలు బయటపడింది. మనిషి బయట పడాలంటే ఎంత గావాల?"

అడగడానికి ఉదయుడికి నోరు రాలేదు. ఆ నీళ్ళు వాళ్ళ ప్రాణం. పడవ అంచుకీ సముద్రానికీ మధ్య బెత్తెడు దూరం మిగిలింది.

"దాలీ, పొయ్యి," అన్నాడు నూకన్న కూర్చున్న చోటునుంచి. "ఎలాగూ మునిగేవోల్లం. మునిగే ముందు దాహం గురించి ఆలోసిస్తే ఎలాగ?"

ఇరవై ఆరు రోజులు చుక్క చుక్కా కొలిచిన ఆ చెయ్యి చిప్ప నిండా ముంచి రాయి మీద పోసింది. సందులోంచి కాకుండా నేరుగా పడేసరికి చెయ్యి బయటపడింది. రెండో చిప్పకి మోచెయ్యి. మూడోదానికి భుజం మీద పట్టుచీర జరీ మెరిసింది. అయితే ఒక్కొక్క చిప్పకీ రాయి తాను తాగిన ఉప్పునీళ్ళని ధారలు ధారలుగా కక్కడం మొదలెట్టింది. మోకాళ్ళ లోతు, తొడల లోతు.

"తోడు నాయనా, తోడు!" అని మొగుడూ పెళ్ళాం ఒక్క గొంతుతో అరిచారు.

ఉదయుడు చేద అందుకున్నాడు. ఇన్నాళ్ళూ తోడకుండా మిగిలిందంతా ఇప్పుడు ఒక్కసారే తోడాలి. యాభై, వంద, నూట యాభై. అరచేతుల తోలు ఊడి చేదకి అంటుకుంది. రెండువందల దగ్గర చేతులు ఉన్నాయో లేదో తెలియలేదు. పక్కన దాలమ్మ చిప్ప వెనక చిప్ప పోస్తూనే ఉంది. మెడ, చెవి దుద్దులు, ముడివీడిన జుట్టు. పదిహేనో చిప్పకి కళ్ళు, పదహారుకి ముక్కు. పదిహేడోది పెదాల మీద పడగానే ఆ పెదాలు వణికాయి.

"చాలు," అంది తరళాదేవి. "ఆపమ్మా. మిగిలినవి మీరు తాగండి."

ఉదయుడి చేతిలో చేద ఆగిపోయింది.

"ఎందుకు ఆగావు? తోడు," అంది ఆమె. తమ్ముడికి కత్తి నేర్పిన గొంతు అది. తోడుతూనే ఏడ్చాడు, ఏడుస్తూనే తోడాడు. ఆమె నడుం కిందంతా, ఎడమ చెయ్యి కూడా, ఇంకా నల్లరాయే.

"అక్కా, భయం లేదు. ధూమ్రద్వీపానికే పోతున్నాం. వాడి తల నరికి..."

"అందుకేరా నన్ను ఇందులో పెట్టాడు!" అంది తరళ. "వాడికీ వరుణుడికీ పాత పగ. నన్ను తాకి సముద్రం మీద అడుగు పెడితే వాడు మునిగిపోతాడు. నా రక్తం పంచుకు పుట్టినవాడు తనంతట తానే మోసుకెళ్ళి ఆ ఒడ్డున దింపాలి. ఈక, తాళపత్రం నీకు దొరికేలా పెట్టింది వాడే. ఉప్పునీళ్ళు అందుతున్నంత కాలం రాయిగా పడుంటానని కుట్టుపడవని ఎంచుకున్నాడు. ఇన్నాళ్ళలో గాలి ఒక్కసారైనా ఎదురు తిరిగిందా?"

నూకన్న తల దించుకున్నాడు. తన కుట్టు, తన గాలి, తనకి ఊరికే వచ్చిన రాయి. పాపం, గొప్పలు చెప్పుకోవడానికి అతనికి ఒక్కటీ మిగల్లేదు.

"పున్నమికి ఇంకా ఐదు రోజులు," అంది తరళ. "ఆ లోపు నా మిగతా ఒళ్ళు కూడా మంచినీళ్ళతో తడవాలి. లేకపోతే ఉన్నది కూడా రాయైపోతుంది."

"ఎనక దాటొచ్చిన పగడాల తిప్పలో మంచినీల్ల ఊట ఉన్నాది," అన్నాడు నూకన్న మెల్లగా. "మూడు రోజులు ఎనక్కి పోవాల. గాలి ఒప్పితే."

దాలమ్మ చుక్కాని తాడు విప్పుతూ తూర్పుకి చూసి నిలబడిపోయింది. అక్కడ ఆకాశం అంచున, నీలిమణుల గోడ లాంటి కొండ ఒకటి లేచి ఉంది. దాని శిఖరం మీద పొగ నల్లటి గొడుగు పట్టింది. కొండ కింద తెల్లటి ఇసుక, ఇసుకలోకి దిగుతూ సన్నటి సెలయేరు. ఇరవై ఆరు రోజులు దేని కోసం ఒళ్ళు విరుచుకున్నారో ఆ ధూమ్రద్వీపం చీకటి పడేలోగా చేరేంత దగ్గర్లో ఉంది. సెలయేరు చూసి ఆవిడ ఎండిన పెదాలు తడుపుకుంది.

"మూడు రోజులు ఎనక్కి," అంది, ఎవరితోనూ కాకుండా. "కడవలో ఏడు సిప్పలున్నాయి."

"తిప్పే," అన్నాడు నూకన్న.

ఆవిడ చుక్కాని తిప్పింది. తెరచాప అటూ ఇటూ కొట్టుకుని, పదమూడు అతుకుల్లో ఒకటి పరపరా చిరిగింది. బయల్దేరాక మొట్టమొదటిసారి గాలి వాళ్ళ మొహాన కొట్టింది. దాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. పొగ గొడుగు వంగుతోంది. గాలికి ఎదురుగా, పడవ వైపు వంగుతోంది. ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పళ్ళ బిగువున చుక్కాని పట్టుకుంది.

"నాను ఎంతసేపు కూకోవాల దాలీ?"

"నాను సెప్పేదాకా."

పలకల మీద నీళ్ళు చీలమండలకి దిగాయి. పడవ కన్ను నీళ్ళలోంచి పైకి వచ్చింది. ఉదయుడు ఆఖరి చేద వంచి, అలవాటు కొద్దీ గట్టిగా అరిచాడు.

"నాలుగువందల పదకొండు!"

ఎవరూ పలకలేదు. దాలమ్మ చుక్కాని దగ్గర ఉంది, నూకన్న కన్నం మీద ఉన్నాడు. తరువాతి వంతు ఎవరిదీ కాదు. కట్టుబాటు ప్రకారం, ఆ మాట వినపడేదాకా చేద వదలకూడదు. వదలకుండా నిలబడ్డాడు.

"విన్నాను."

తరళ కుడిచెయ్యి చాపింది. ఆమెకి ఉన్నది ఆ ఒక్క చెయ్యే. "ఇరవై ఆరు రోజులూ విన్నాను. నూట ఇరవై అన్నప్పుడూ విన్నాను, తొమ్మిది అన్నప్పుడూ విన్నాను. ప్రతిసారీ చివర వస్తున్నానక్కా అనేవాడివి. ఇక్కడే ఉన్నానురా అని అరిచేదాన్ని. రాయికి గొంతెక్కడిది!" ఆమె చేద పట్టుకుంది. "ఇలా ఇయ్యి. పడవ అంచు అందుతోంది. వంచి పొయ్యడానికి ఒక్క చెయ్యి చాలు. నీ వంతు నిద్ర, పో."

ఉదయుడు చేద ఇచ్చేశాడు. చాప తడిసి ముద్దగా ఉంది. దాని మీద పడి, ఇరవై ఆరు రోజుల్లో మొదటిసారి కాళ్ళు బారచాపాడు. నూకన్న పక్కకి ఒదిగి చోటిచ్చాడు. ఎండ మీద పొగనీడ ఒకటి పాకుతూ వచ్చి పడవ తోకని తాకింది. ఉదయుడు అది చూడలేదు. కళ్ళు మూతలు పడుతుండగా, అక్క మొదటి చేద సముద్రంలోకి వంచి "ఒకటి," అనడం మాత్రం అతనికి వినిపించింది.